రోజుకి మూడుసార్లు బ్లీచింగ్‌తో తుడుస్తున్నా కుట్లు చీము పడుతున్నాయి, ఎక్కడ తప్పుతోంది?

పాలకొల్లు_వార్డు
20 పడకల ఆసుపత్రి. సిజేరియన్లు, హెర్నియాలు, ల్యాప్రోస్కోపీతో గాల్‌బ్లాడర్ ఆపరేషన్లు జరుగుతాయి. ఈ వానలు మొదలైనప్పట్నించీ కొందరికి నాలుగో రోజో ఐదో రోజో కుట్లు ఎర్రబడి చీము పడుతోంది. ల్యాప్రోస్కోపీ వాళ్లలో కొందరికి నెల దగ్గరపడ్డాక బొడ్డు దగ్గర గడ్డ కట్టి కారుతోంది, ఏ యాంటీబయాటిక్‌కీ లొంగట్లేదు. నేల రోజుకి మూడుసార్లు బ్లీచింగ్ నీళ్లతో తుడిపిస్తున్నాం, వాసన గేటు దాకా వస్తుంది. ఓటీలో (ఆపరేషన్ గదిలో) వారానికోసారి ఫాగింగ్, అంటే మందు పొగ. బ్లీచింగ్ ఇంకా ఘాటుగా కలపమంటున్నారు పైవాళ్లు. ఎంత కలపాలి? అసలు తప్పు అక్కడేనా?

మైక్రో_అమలాపురం
ఆ రెండింటినీ ఒకే గాటన కట్టకండి సిస్టర్ గారూ. నాలుగైదు రోజుల్లో వచ్చేది ఒక దారి, నెల తర్వాత బొడ్డు దగ్గర వచ్చేది పూర్తిగా వేరే దారి.

రెండోది ముందు పట్టుకోండి. ల్యాప్రోస్కోపీ కన్నాల దగ్గర మూడు నాలుగు వారాలకి గట్టి గడ్డ, పల్చటి చీము, మామూలు కల్చర్ (క్రిమిని పెంచి చూసే పరీక్ష) పంపితే ఏమీ పెరగలేదని రిపోర్టు. ఇలా ఉంటే క్షయ క్రిమి జాతిలోనే వేరే రకాలు, చెలోనే, ఫార్చూయిటమ్, అబ్సెసస్ లాంటివి అనుమానించాలి. ఇవి మన కుళాయి నీళ్లలో, ట్యాంకు అడుగు పాచిలో హాయిగా బతుకుతాయి. పరికరాలు విప్పకుండా గ్లూటరాల్డిహైడ్ అనే క్రిమిసంహారక ద్రావణంలో ముంచడం, తీశాక కుళాయి నీళ్లతో కడగడం, ఈ రెండింట్లో ఒకటి జరుగుతూ ఉంటుంది. చాలాచోట్ల రెండూ జరుగుతాయి.

శాంపిల్ దూదిపుల్లతో తీయకండి. సిరంజితో లాగిన చీముగానీ కణజాలం ముక్కగానీ స్టెరైల్ సీసాలో పంపి, కాగితం మీద "ఏఎఫ్‌బీ స్మియర్, మైకోబాక్టీరియా కల్చర్" అని రాయించండి, క్షయ జాతి క్రిముల కోసం చూడమని దాని అర్థం. ఫార్మలిన్‌లో వేస్తే కల్చర్‌కి పనికిరాదు.

సీఎస్‌ఎస్‌డీ_రాజమండ్రి
పై పోస్టుకి కలుపుతున్నా. ట్రోకార్ (ల్యాప్రోస్కోపీ కన్నంలో పెట్టే గొట్టం) ముంచే ముందు వాషర్, వాల్వు, స్ప్రింగు అన్నీ ఊడదీయాలి. గొట్టం లోపల సరిపడా సైజు బ్రష్ పెట్టి, నీటి అడుగునే తోమాలి, పైన తోమితే తుంపర లేస్తుంది. ఎండిన రక్తం మీద గ్లూటరాల్డిహైడ్ పోస్తే ఆ రక్తం గట్టిపడి అక్కడే అతుక్కుంటుంది, లోపలి క్రిమి భద్రంగా ఉంటుంది.

2 శాతం ద్రావణంలో 20 నిమిషాలు ముంచితే చాలా క్రిములు చస్తాయి గానీ బీజాణువులు (కొన్ని క్రిముల గట్టి గింజ రూపాలు) చావవు. స్టెరైల్ కావాలంటే 10 గంటలు. ట్రేకి యాక్టివేటర్ కలిపిన తేదీ రాసి అంటించండి, 14 రోజులు దాటితే పారబోయాలి. ఆ 14 రోజులూ గట్టి హామీ అనుకోవద్దు. తడి పరికరాలు ముంచే కొద్దీ ద్రావణం పల్చనైపోతుంది, కాబట్టి ఆరబెట్టి ముంచాలి, వాడే ముందు ద్రావణం బలం చూపే స్ట్రిప్‌తో చూడాలి. తీశాక స్టెరైల్ నీళ్లతోనే, గిన్నె మార్చి మూడుసార్లు కడగాలి. కాచి చల్లార్చిన నీళ్లు స్టెరైల్ నీళ్లు కావు.

అసలు లోహపు ట్రోకార్లని ముంచాల్సిన పనే లేదు. ఆటోక్లేవ్‌లో (ఒత్తిడి ఆవిరితో స్టెరైల్ చేసే యంత్రం) పెట్టండి. టెలిస్కోపు (కడుపు లోపలికి చూసే గొట్టం) మీద "ఆటోక్లేవబుల్" అని చెక్కి ఉంటే అదీ పెట్టొచ్చు. రెండో సెట్టు కొనడానికి డబ్బు లేదంటే రోజుకి చేసే కేసులు తగ్గించాలి, ముంచే సమయం తగ్గించకూడదు.

రాజోలు_నర్సు
బ్లీచింగ్ సంగతికి వద్దాం. నేల మీది క్రిమి కుట్టులోకి ఎగిరిరాదు సిస్టర్. చేతి మీదుగానో డ్రెస్సింగ్ ట్రాలీ మీదుగానో వస్తుంది. రోజూ నేలకి సబ్బు నీళ్లు చాలు. రక్తం, చీము, వాంతి పడ్డచోటే 1 శాతం క్లోరిన్. చేతులు పదేపదే తగిలేవి, అంటే మంచం కమ్ములు, సెలైన్ స్టాండు, లాకరు పైభాగం, గొళ్లెం, స్విచ్చులు, వీటిని షిఫ్టుకోసారి తుడిపించండి. మూడుసార్లు నేల తుడిచే వార్డుల్లో కూడా మంచం కమ్మి మీద పాత ప్లాస్టర్ జిగురు అలాగే ఉంటుంది, నేను చూసిన వార్డులన్నింట్లో ఇదే వరస.

ఆక్వా_భీమవరం
ఆ బ్లీచింగ్ ఎక్కడ కొంటున్నారండీ? మా రొయ్యల చెరువులకి అమ్మే 25 కిలోల బస్తాలే ఇక్కడ చాలా ఆసుపత్రులకీ వెళ్తున్నాయి. కొత్త బస్తాలో 33 శాతం దాకా క్లోరిన్ ఉంటుంది. నోరు విప్పి మందు కొట్టులో మూల పడేస్తే మన గాలి తేమకి వారాల్లోనే సగం పోతుంది. వాసన మాత్రం అలాగే ఉంటుంది. వాసనని నమ్మితే చెరువులోనూ మోసపోతాం, వార్డులోనూ మోసపోతాం.

రాజోలు_నర్సు
@ఆక్వా_భీమవరం సరిగ్గా చెప్పారు. లెక్క ఇది: 33 శాతం పొడి అయితే 1 శాతం ద్రావణానికి లీటరుకి 30 గ్రాములు. పొడి 20 శాతానికి దిగిపోయి ఉంటే 50 గ్రాములు. అందుకే "రెండు గుప్పిళ్లు" అనే కొలత మానేయాలి, ఒక చిన్న కాటా కొనండి. ముందు కొద్ది నీళ్లతో ముద్ద చేసి, మిగతా నీళ్లు పోసి, పది నిమిషాలు కదపకుండా ఉంచితే సున్నం కిందకి దిగుతుంది. పైతేట మాత్రమే వాడాలి. ఆ సున్నం కలిస్తే నేల మీద తెల్లగా పొర కడుతుంది, మాపు బిగుసుకుపోతుంది.

తణుకు_ఫార్మా
ఇంత తంటా ఎందుకు? సోడియం హైపోక్లోరైట్ డబ్బా కొనుక్కోండి. 5 శాతం అయితే ఒక వంతుకి నాలుగు వంతుల నీళ్లు, 10 శాతం అయితే ఒక వంతుకి తొమ్మిది వంతులు. పని అయిపోయింది.

ఆక్వా_భీమవరం
@తణుకు_ఫార్మా అదీ వయసయ్యేదే కదండీ. రేకుల షెడ్డులో మే నెల ఎండకి పెట్టిన 10 శాతం డబ్బా ఎప్పటికీ 10 శాతంగా ఉండదు. తయారీ తేదీ చూసి కొనాలి, నీడలో, నల్ల డబ్బాలో, మూత బిగించి పెట్టాలి. పొడి అయినా ద్రావణం అయినా బలం తేల్చుకోడానికి దగ్గర్లో ఏ డిగ్రీ కాలేజీ కెమిస్ట్రీ ల్యాబ్‌నైనా అడగండి. థయోసల్ఫేట్‌తో టైట్రేషన్ వాళ్ల ప్రాక్టికల్స్‌లో ఉండేదే.

తణుకు_ఫార్మా
ఒప్పుకుంటున్నా. ఏది వాడినా రోజూ పొద్దున్న కలిపి, బకెట్ మీద టైము రాసి, 24 గంటలకి పారబోయాలి. ఇంకోటి, ఇది ప్రాణం మీదకి వచ్చే సంగతి: బ్లీచింగ్‌లో బాత్రూము యాసిడ్ కలపకూడదు. క్లోరిన్ గ్యాస్ లేస్తుంది. తలుపు మూసి ఉన్న మరుగుదొడ్డిలో ఆయాలు పడిపోతారు. ఒకటి వాడి, బాగా నీళ్లు కొట్టి, ఆరాకే రెండోది. "ఇంకా ఘాటుగా" కలిపితే గచ్చు, మంచం ఇనుము, ఆయా ఊపిరితిత్తులు పాడవుతాయి తప్ప కుట్లు బాగుపడవు.

కొత్తపేట_కొబ్బరితోట
రక్తం పడితే నేరుగా బ్లీచింగ్ పోసేస్తే చాలా?

రాజోలు_నర్సు
@కొత్తపేట_కొబ్బరితోట చాలదండి. రక్తంలోని ప్రోటీన్ క్లోరిన్‌ని తినేస్తుంది. చేతికి గ్లవ్స్ వేసుకుని, ముందు పాత గుడ్డగానీ పేపరుగానీ వేసి పీల్చనివ్వాలి, అది ఎత్తి పసుపు సంచిలో వేయాలి. తర్వాత 1 శాతం ద్రావణం అంచుల నుంచి మధ్యకి పోసి 10 నిమిషాలు ఆగాలి. ఆ పది నిమిషాలూ తడిగానే ఉండాలి, ఫ్యాను గాలికి రెండు నిమిషాల్లో ఆరిపోతే పని జరగనట్టే. చివర్న సబ్బు నీళ్లతో తుడవాలి.

సర్జన్_కాకినాడ
నాలుగైదు రోజులకి వచ్చే చీము సంగతి ఎవరూ ఎత్తలేదు. అడగాల్సినవి అడుగుతున్నా.

ఆపరేషన్‌కి ముందు రోజు రాత్రి వెంట్రుకలు బ్లేడుతో గీస్తున్నారా? ఆపేయండి. బ్లేడు పెట్టిన చర్మం మీద కంటికి కనబడని గాట్లు పడతాయి, రాత్రికి రాత్రి వాటిల్లో క్రిములు పెరుగుతాయి. వెంట్రుకలు అడ్డం లేకపోతే తీయొద్దు, తప్పదంటే క్లిప్పర్‌తో.

యాంటీబయాటిక్ ఎప్పుడు ఇస్తున్నారు? కోత పెట్టే ముందు గంటలోపు ఇవ్వాలి. సెఫజోలిన్ అయితే 2 గ్రాములు, 120 కిలోలు పైబడిన వాళ్లకి 3. ఆపరేషన్ నాలుగు గంటలు దాటితే మళ్లీ ఒక డోసు. సిజేరియన్‌కి కూడా కోతకి ముందే, బొడ్డు కోశాక కాదు. చీము పట్టని శుభ్రమైన కేసుకి ఆపరేషన్ తర్వాత ఐదు రోజులు ఇంజెక్షన్లు పొడిగిస్తే కుట్టుకి అదనపు రక్షణ లేదు, లొంగని క్రిములు మాత్రం తయారవుతాయి.

చర్మానికి స్పిరిట్ కలిసిన క్లోర్‌హెక్సిడిన్ రాసి, పూర్తిగా ఆరనిచ్చి కోత పెట్టాలి. తడిగా ఉండగా డయాథర్మీ (కరెంటు వేడితో రక్తం ఆపే పరికరం) వాడితే నిప్పంటుకునే ప్రమాదం కూడా ఉంది. షుగరు ఉన్నవాళ్లకి ఆ పూట షుగరు అదుపు. ఏసీ చలికి రోగి ఒళ్లు చల్లబడకుండా దుప్పటి.

పాలకొల్లు_వార్డు
బ్లేడే వాడుతున్నారు, ముందు రోజు సాయంత్రం. యాంటీబయాటిక్ వార్డులోనే ఇచ్చి పంపుతున్నాం, ఓటీలోకి వెళ్లడానికి ఒక్కోసారి మూడు గంటలు పడుతోంది.

సర్జన్_కాకినాడ
@పాలకొల్లు_వార్డు అయితే ఈ రెండూ రేపే మార్చండి, దీనికి రూపాయి ఖర్చు లేదు. మందు ఓటీ బల్ల దగ్గర, మత్తు డాక్టరు చేతి మీదుగా పడాలి.

గోదారి_గట్టు
మన ధవళేశ్వరం ఆనకట్ట పని మొదలైంది 1847లో. అదే ఏడాది మే నెలలో వియన్నాలో సెమ్మెల్‌వైస్ అనే డాక్టరు, శవపరీక్ష గది నుంచి కాన్పుల వార్డుకి వచ్చే వాళ్లందరూ క్లోరిన్ సున్నం నీళ్లలో చేతులు కడగాలన్నాడు. ఏప్రిల్‌లో నూటికి 18 మంది బాలింతలు చనిపోయిన వార్డులో జులైకి ఒకరిద్దరికి తగ్గింది. ఆ మందు మన బ్లీచింగ్ పొడి బాపతే. అప్పుడు ఆయన దాన్ని పోయించింది నేల మీద కాదు, చేతుల మీద.

కోనసీమ_సిస్టర్
@గోదారి_గట్టు మంచి మాట గుర్తుచేశారు. కానీ ఇప్పుడు చేతులకి బ్లీచింగ్ వద్దండోయ్, చర్మం పగులుతుంది, పగిలిన చర్మంలో క్రిములు ఇంకా నిలుస్తాయి. వార్డు గుమ్మం దగ్గర డెటాల్ నీళ్ల బేసిన్, పక్కన అందరికీ ఒకే తువాలు పెడతారు చూడండి, అది ముందు తీసేయాలి. పదిమంది ముంచిన బేసిన్‌లో పదకొండో చెయ్యి శుభ్రపడదు.

చెయ్యి కంటికి శుభ్రంగా కనిపిస్తే స్పిరిట్ హ్యాండ్ రబ్ 3 మిల్లీలీటర్లు, 20 నుంచి 30 సెకన్లు, ఆరేదాకా. మురికి కనిపిస్తే సబ్బు, పారే నీళ్లు, 40 నుంచి 60 సెకన్లు. విరేచనాల రోగి దగ్గర ఎప్పుడూ సబ్బే, ఎందుకంటే క్లాస్ట్రీడియం డిఫిసిల్ బీజాణువులు స్పిరిట్‌కి చావవు. అందరూ వదిలేసేవి బొటనవేలు, వేళ్ల కొసలు, గాజుల కింద మణికట్టు. డ్యూటీలో ఉంగరాలు, గాజులు తీసేయాలి.

తణుకు_ఫార్మా
హ్యాండ్ రబ్ ఖరీదంటే ఆసుపత్రి ఫార్మసీలోనే కలుపుకోవచ్చు. ప్రపంచ ఆరోగ్య సంస్థ ఫార్ములా, 10 లీటర్లకి: 99.8 శాతం ఐసోప్రొపైల్ ఆల్కహాల్ 7515 మిల్లీలీటర్లు, 3 శాతం హైడ్రోజన్ పెరాక్సైడ్ 417, గ్లిజరిన్ 145, మిగతాది కాచి చల్లార్చిన నీళ్లు. సీసాల్లో పోశాక 72 గంటలు ఆగి వాడాలి, ఆలోగా పెరాక్సైడ్ బీజాణువుల్ని చంపుతుంది. దీపం, పొయ్యి దరిదాపుల్లో కలపకండి. ఖాళీ అవుతున్న సీసాలో కొత్తది పోయొద్దు, కడిగి ఆరబెట్టి నింపాలి. సీసా సింకు దగ్గర కాదు, ప్రతి మంచం కాళ్ల దగ్గర వేలాడాలి.

లంక_గన్నవరం
గ్లవ్స్ వేసుకుంటే ఇవన్నీ ఎందుకండీ?

కోనసీమ_సిస్టర్
@లంక_గన్నవరం ఒకే జతతో నలుగురి డ్రెస్సింగ్ చేస్తే ఒట్టి చేత్తో చేసినట్టే, ఇంకా అన్యాయం. గ్లవ్స్‌లో కంటికి ఆనని చిల్లులు ఉంటాయి, తీసేటప్పుడు మణికట్టుకి అంటుతుంది. రోగికో జత, తీశాక చెయ్యి రుద్దుకోవాల్సిందే.

ఓటీ_టెక్_ఏలూరు
ఫాగింగ్ మానేయమని అర్థమా? ఫార్మలిన్ వేయకుండా ఓటీ తెరవమంటే మా సర్జన్లు ఒప్పుకోరు. నెలనెలా స్వాబ్ (గోడలు, బల్లలు దూదిపుల్లతో తుడిచి చేసే కల్చర్) రిపోర్టు కూడా అడుగుతారు.

మైక్రో_అమలాపురం
@ఓటీ_టెక్_ఏలూరు నా మట్టుకు ఫార్మలిన్ మానేయమనే చెప్తాను. అది క్యాన్సర్ కారకం అని నిర్ధారణ అయినదే, ఊపిరి మీద మొదటి దెబ్బ తినేది మీ టెక్నీషియన్లే. పొగ మురికి మీద పనిచేయదు, బల్ల కింద ఎండిన రక్తపు చుక్క పొగ తర్వాత కూడా అక్కడే ఉంటుంది. కేసుకీ కేసుకీ మధ్య బల్ల, లైటు పిడి, ట్రాలీ చేత్తో తుడవడం, రోజు చివర్న మొత్తం కడగడం, గాలి సరిగ్గా మారడం, ఇవి ముఖ్యం. స్వాబ్‌లు రొటీన్‌గా తీస్తే గోడ మీద ఏదో ఒకటి పెరుగుతుంది, దాని మీద వారం వాదన నడుస్తుంది. ఒకే క్రిమి ఇద్దరు ముగ్గురి కుట్లలో వస్తే అప్పుడు వెతకడానికి తీయండి.

ఓటీ_టెక్_ఏలూరు
పొగ సంగతి ఒప్పుకుంటా. స్వాబ్‌లు పూర్తిగా మానేయడానికి నాకు మనసొప్పడం లేదు, కొత్తగా కట్టిన ఓటీ తెరిచేటప్పుడైనా చూడాలి.

రాజోలు_నర్సు
మాపు గురించి ఒక్క మాట. చాలాచోట్ల రాత్రి డ్యూటీ అయ్యాక మాపుని అదే మురికి బకెట్లో నిలబెట్టి వెళ్తారు. పొద్దున్నకి అందులో సూడోమోనాస్ అనే క్రిమి పెరిగి ఉంటుంది, దాన్నే వార్డంతా పూస్తారు. రెండు బకెట్లు పెట్టండి, ఒకటి మాపు జాడించడానికి, ఒకటి శుభ్రమైన ద్రావణం. లోపలి మూల నుంచి గుమ్మం వైపు, శుభ్రమైన గది నుంచి మరుగుదొడ్డి వైపు తుడవాలి. పని అయ్యాక ఉతికి, తల పైకి పెట్టి ఎండలో ఆరేయాలి. వానాకాలం ఎండ ఉండదు కాబట్టి మాపు తలలు మూడు జతలు ఉండాలి.

నరసాపురం_లేసు
రోగి తాలూకు వాళ్లని కూడా అనాలి. పరామర్శకి ఆటో నిండా వస్తారు, చంటిపిల్లల్ని తెస్తారు, రోగి మంచం మీదే కూర్చుంటారు. పూర్తిగా ఆపేయాలి.

కోనసీమ_సిస్టర్
@నరసాపురం_లేసు పూర్తిగా ఆపితే వార్డు నడవదండి. మన దగ్గర ఒళ్లు తుడిచేది, అన్నం పెట్టేది, యూరిన్ బ్యాగు ఖాళీ చేసేది ఆ అమ్మో అక్కో కదా. రోగికి ఒక్కరు, పరామర్శకి సాయంత్రం ఒక గంట, మంచం మీద కూర్చోకుండా స్టూలు. ఉండే ఆ ఒక్కరికీ చేరిన రోజే ఐదు నిమిషాలు నేర్పాలి. యూరిన్ బ్యాగు ఎప్పుడూ నడుముకి కిందే, కానీ నేలకి తగలకూడదు. నడిపించేటప్పుడు భుజానికి తగిలించకూడదు, బ్యాగులోని ఉచ్చ వెనక్కి వెళ్తుంది. ఖాళీ చేసే మగ్గు ఎవరిది వారికే, బ్యాగు కుళాయి మగ్గుకి తగలకూడదు. గొట్టం ఊడదీయకూడదు. రోజూ రౌండ్స్‌లో "ఈ క్యాథెటర్ ఇంకా అవసరమా?" అని డాక్టర్ని అడగాల్సింది మాత్రం మనం.

బొండాలు తెస్తే బొండం నుంచే, అప్పుడే తాగించమనండి. జగ్గులో వంచి సాయంత్రం దాకా ఉంచొద్దు.

గోదారి_గట్టు
దోమలొస్తాయని వార్డు కిటికీలన్నీ మూసేస్తారు, అది కూడా తప్పే కదా?

మైక్రో_అమలాపురం
@గోదారి_గట్టు తప్పే. క్షయ, తట్టు గాలిలో తిరుగుతాయి. మెష్ కొట్టించి కిటికీలు తెరవాలి, ఎదురెదురుగా రెండు వైపులా. మెష్ నెలకోసారి కడగకపోతే దుమ్ము పట్టి గాలి ఆడదు. దగ్గు రోగిని గాలి బయటికి పోయే వైపు కిటికీ పక్కన పడుకోబెట్టాలి. స్ప్లిట్ ఏసీ ఉన్న గాలినే తిప్పుతుంది, బయటి గాలి తేదు.

నీళ్ల_ల్యాబ్_కాకినాడ
ఆసుపత్రి ట్యాంకుని ఎవరూ పట్టించుకోలేదు. మన కాలవలు వేసవిలో కట్టేసినప్పుడు చెరువు నీళ్లే గతి, వదిలాక మొదటి వారం ఎర్రనీళ్లు. మడ్డి ఉన్న నీళ్లలో క్లోరిన్ వేస్తే మడ్డే తినేస్తుంది, ముందు పటికతో తేర్చాలి. పాచి చెరువు నీళ్లకి మధ్యాహ్నం పీహెచ్ 8 దాటుతుంది, అప్పుడు క్లోరిన్ బలం తగ్గుతుంది, అందుకని పొద్దున్నే వేయండి.

1000 లీటర్లకి మంచి పొడి 2.5 గ్రాములతో మొదలుపెట్టి, అరగంట తర్వాత క్లోరోస్కోపుతో (నీళ్లలో మిగిలిన క్లోరిన్ కొలిచే సాధనం) చూడండి. లీటరుకి 0.5 మిల్లీగ్రాములు కనిపించాలి, లేకపోతే ఇంకొంచెం వేసి మళ్లీ అరగంట. చివరి కుళాయి దగ్గర కూడా 0.2కి తగ్గకూడదు. ట్యాంకు కడిగాక 1000 లీటర్లకి 150 గ్రాములు వేసి, కుళాయిలన్నీ వాసన వచ్చేదాకా తిప్పి, 24 గంటలు ఉంచి పారబోయాలి. ఆ ఒక్కరోజూ ఎవరూ తాగకుండా బోర్డు పెట్టండి. ఆక్సిజన్ హ్యూమిడిఫయర్ సీసాలో మాత్రం ఏ కుళాయి నీళ్లూ వద్దు, స్టెరైల్ నీళ్లు, రోజూ పారబోసి మార్చాలి.

లంక_గన్నవరం
వరద తీశాక మా లంకల్లో ఎలుక జ్వరం వస్తోంది. దానికీ ఇదేనా?

మైక్రో_అమలాపురం
@లంక_గన్నవరం అది చర్మం గుండా వస్తుంది. ఎలుక ఉచ్చ కలిసిన నీళ్లలో పగిలిన కాళ్లతో దిగితే చాలు. బూట్లు, పుండ్ల మీద నీళ్లు దూరని పట్టీ. జ్వరంతో పిక్కల నొప్పి, కళ్లు ఎర్రబడటం ఉంటే ఆగకుండా ఆసుపత్రికి. ముందుజాగ్రత్తకి డాక్సీసైక్లిన్ వారానికి 200 మిల్లీగ్రాములు ఇస్తారు గానీ డాక్టరు చెప్తేనే. గర్భిణులు, పిల్లలు సొంతంగా వేసుకోకూడదు.

పాలకొల్లు_వార్డు
బ్లేడు ఆపించాం. యాంటీబయాటిక్ ఓటీలోకి మార్చాం. గ్లూటరాల్డిహైడ్ ట్రే మీద తేదీ లేదు, పారబోయించాను. ఒక అనుమానం మిగిలింది: ఆటోక్లేవ్ డ్రమ్ము మీద అంటించిన సూచిక టేపు నల్లబడుతోంది, కానీ తెరిస్తే లోపలి గాజు గుడ్డలు (కట్టు కట్టే పల్చటి గుడ్డలు) తడిగా ఉంటున్నాయి. వాడొచ్చా?

సీఎస్‌ఎస్‌డీ_రాజమండ్రి
@పాలకొల్లు_వార్డు వాడొద్దు. తడి గుడ్డ గుండా బయటి క్రిమి లోపలికి పాకుతుంది. టేపు నల్లబడితే డ్రమ్ముకి వేడి తగిలిందని మాత్రమే, మధ్యలోకి ఆవిరి చేరిందని కాదు. డ్రమ్ములో గుడ్డలు కుక్కకండి, మడతల మధ్య చెయ్యి సులువుగా దూరాలి. పక్క చిల్లులు తెరిచి, డ్రమ్ముని అడ్డంగా పడుకోబెట్టి పెట్టండి. లోపలి గాలి పూర్తిగా పోయాకే టైము లెక్క, 121 డిగ్రీలు, 15 పౌండ్లు, 30 నిమిషాలు. అయ్యాక ఆవిరి వదిలి, తలుపు వేలెడు సందు తెరిచి అరగంట ఆరనిచ్చి తీయాలి, తీసిన వెంటనే చిల్లులు మూయాలి. వేడి డ్రమ్ముని చల్లటి గచ్చు మీద పెడితే లోపల నీరు పడుతుంది, చెక్క బల్ల మీద పెట్టండి. గుడ్డల నడిమధ్యలో ఒక కెమికల్ స్ట్రిప్, వారానికోసారి స్పోర్ టెస్టు (బీజాణువులు చచ్చాయో లేదో చూసే పరీక్ష).

పాలకొల్లు_వార్డు
నిలబెట్టే పెడుతున్నారండి, చిల్లులు సగమే తెరుస్తున్నారు. స్పోర్ టెస్టు ఎక్కడ చేయిస్తారు?

మైక్రో_అమలాపురం
@పాలకొల్లు_వార్డు జియోబాసిల్లస్ స్టియరోథెర్మోఫిలస్ యాంపూల్ అని అడగండి, సర్జికల్ కొట్లో తెప్పిస్తారు. ఒకటి డ్రమ్ము మధ్యలో పెట్టి నడిపించి, ఇంకోటి ఆటోక్లేవ్‌లో పెట్టకుండా పక్కన ఉంచి, రెండూ ఏ మైక్రోబయాలజీ ల్యాబ్‌కైనా పంపండి, 55 నుంచి 60 డిగ్రీల ఇంక్యుబేటర్ ఉంటే చాలు. పెట్టనిది రంగు మారాలి, పెట్టింది మారకూడదు. రెండూ మారకపోతే యాంపూల్సే చచ్చినవని, ఆ టెస్టు లెక్కలోకి రాదు.